వంగని పలక

విశ్వంభరం మాస్టారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు, పని చెబుతారు. ఇంజనీరింగ్ కాలేజీ వెల్డింగ్ ల్యాబులో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. అందరూ లోలోపల విసుక్కున్నవాళ్ళే. అయినా ఇంట్లో కష్టమొస్తే మాత్రం తిన్నగా ఆయన దగ్గరికే పోతారు.

దివాకర్ కూడా అలాగే వెళ్ళాడు. పగిలిన ఉక్కు భాగాలను వెల్డింగుతో బాగుచేశాక, ఆ అతుకు చల్లారి కుంచించుకుపోతూ లోపల ఎంత లాగుడు మిగులుస్తుందో కంప్యూటర్లో లెక్క కట్టడం అతని పని. ఆ ఎండాకాలంలో అతని నాలుగేళ్ళ కూతురు పండు జ్వరంతో పోయింది. వారం తిరక్కుండా అతను ల్యాబుకొచ్చి కూర్చున్నాడు. కంట నీరు పెట్టలేదు. గుండె నిబ్బరం గలవాడని తోటివాళ్ళు మెచ్చుకున్నారు. పాపం, అతనూ అదే నమ్మాడు.

"మాస్టారూ, మా సువర్చల ఇంకా మామూలు మనిషి కాలేదండీ," అన్నాడు భార్య గురించి. "దోసె వేస్తే ముక్క తుంచి, వేడి తగ్గాలని ఊదుతుంది. ఊదాక గుర్తొస్తుంది, ఇక ఏడుపు. ఎంత చెప్పినా వినదు. ఆదివారం పుట్టింట్లో దింపేసి వద్దామనుకుంటున్నా, బాగయ్యాకే రమ్మని. మనిషిని మళ్ళీ నిలబెట్టడం ఎలాగండీ?"

మాస్టారు బల్ల కింద నుంచి రెండు ఉక్కు పలకలు తీసి ముందు పెట్టారు. దివాకర్ తన లెక్క సరిచూసుకోవడానికి చేయించుకున్నవే. రెండింటికీ ఒకటే మరమ్మతు, మధ్యలో గాడి తొలిచి వెల్డింగుతో నింపారు. ఒకదాన్ని దాని మానాన వదిలేస్తే చల్లారుతూ వంకరపోయింది. రెండోదాన్ని చల్లారేదాకా బల్లకు బిగించి ఉంచారు. అది చదునుగానే ఉంది.

"వీటిలో బాగున్నది ఏదయ్యా?"

"చూడ్డానికైతే బిగించినదేనండీ. కానీ..." దివాకర్ కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పాడు. వంకర పలక బొమ్మలో లాగుడును చూపే ఎరుపు పలచగా ఉంది. చదును పలకలో అతుకు పొడవునా ఎరుపే. "దీనికి వంగే దారి లేకపోయిందండీ. బిగింపు తీసేసినా ఆ లాగుడంతా లోపలే ఉండిపోయింది."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తెర మీది రంగులు చదవడంలో అతణ్ణి మించినవాడు ఆ ల్యాబులో లేడు. అంతవరకే.

"కోసి చూడు," అన్నారు మాస్టారు.

దివాకర్ చదును పలకను తీసుకుని అతుకుకు అడ్డంగా రంపం పెట్టాడు. చెమటలు కక్కుతూ కోశాడు. ఇంకా కాస్త మిగిలి ఉండగానే పలక టప్పుమని తనంతట తానే తెగింది, కోత నోరు తెరుచుకుంది. ఎంత లాగుడుందో లెక్క కట్టినవాడే ఉలిక్కిపడ్డాడు. రజను దులుపుదామని వేలు పెడితే చుర్రుమంది. అలవాటుగా వంగి, ఆ వేడి మీద ఊదాడు.

ఊదాక గుర్తొచ్చింది. పండు వేడి తట్టుకోలేకపోయేది. పాలైనా అన్నమైనా ముందు నాన్న ఊదాల్సిందే.

రంపం చేతిలోంచి జారిపోయింది. దివాకర్ బల్ల మీద తల వాల్చి, పిల్ల పేరు పిలుచుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. మాస్టారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఊరుకోమని మాత్రం అనలేదు.

చాలాసేపటికి అతను ముఖం తుడుచుకున్నాడు. "మరి సువర్చల సంగతి, మాస్టారూ?"

మాస్టారు వంకర పలకను అరచేత్తో నిమిరారు.

"వంగినదాని గురించి నాకు మొదట్నించీ బెంగ లేదయ్యా," అన్నారు.