మంగతాయి నాకిన రాయి

నూకరాజు దొడ్లో ఏ చిన్న వింత జరిగినా విచారణకు మేక మంగతాయి తయారు. తవుడు ఎవరు మెక్కారు, కుడితి ఎవరు ఒలకబోశారు, అన్నీ తనకే కావాలి. ఒక్కటే చిక్కు. ఆనవాలు దొరికితే నమిలేస్తుంది.

ఆ ఉదయం చుక్కలకోడి గూడు ఖాళీ. గుడ్ల పెంకులేమో కాపలా కుక్క వీరిగాడి గోనెపట్టా మీద దొరికాయి. నూకరాజు వాణ్ణి గుంజకు కట్టేశాడు. సాయంత్రం బండెక్కించి ఏటి అవతల వదిలేస్తాడట.

"గుర్రుపెట్టి నిద్రపోయాను, అదొక్కటే నా తప్పత్తా!" వీరిగాడు ఏడ్చాడు.

"ఉండరా, చూడనీ" అంటూ మంగతాయి గూటి దగ్గర ఈక ఎత్తింది. నమిలింది.

"అయ్యో, అది సాక్ష్యం!" అంది కోడి.

"చప్పగా ఉంది. నీదేలే."

కంచె పక్కన ఓ గుండ్రాయి కనిపిస్తే దాన్నీ నాకింది. సున్నం రుచి! కోడి అక్కడే గుడ్లు పెట్టాలని, సున్నం పూసి గుడ్డులా గూట్లో ఉంచే రాయి అది. దాని పక్కనే విరిగిన పంటి ముక్క. మంగతాయి దాన్ని మాత్రం నమల్లేదు.

అంతలో నక్క కంచె మీంచి తొంగిచూసింది. "చెప్పకూడదు గానీ అమ్మాయ్, నా కళ్ళారా చూశాను. కుక్కే తింది!"

"లోపలికి రా మావా. ముందు ఈ ముదురు మొక్కజొన్న పొత్తు కొరుకు. సాక్ష్యం చెప్పేముందు అందరూ కొరకాలి, అది మా దొడ్డి ఆచారం."

"ఎప్పట్నుంచే?" అన్నాడు గంగన్న ఎద్దు.

"ఇప్పట్నుంచే. నువ్వూ కొరుకు."

వీరిగాడు తన పొత్తును కరకరలాడించేశాడు.

"నా కడుపు నిండుగా ఉంది" అంది లోపలికి దూకిన నక్క.

"ఏం తిన్నావేంటి?" అందరూ ఒక్కసారే అడిగారు.

నక్క గబుక్కున పొత్తు కొరికింది. "అబ్బా!" అని దవడ పట్టుకుంది.

"పన్ను విరిగిందా మావా?"

"నిన్న ఎముక కొరికితే..."

మంగతాయి రాయిని డెక్కతో దాని ముందుకు దొర్లించింది. "ఈ ఎముకేనా?"

నక్కకు ఒళ్ళు మండిపోయింది. "గుడ్ల మధ్య రాళ్ళు పెట్టే కొంప ఇదొక్కటే!"

"గుడ్ల మధ్య ఉందని నీకెవరు చెప్పారు?" అంది కోడి మెల్లగా.

"నిద్రపోతున్నవాడి పట్టా మీద పెంకులు పోసిందీ నువ్వేనన్నమాట!" అంది మంగతాయి.

నక్క కంచె వైపు దూకింది. కోడి గోలకు నూకరాజు కర్రతో పరుగెత్తుకొచ్చి, గూటి పక్కనుంచి పారిపోతున్న నక్కను చూశాడు. గబగబా తాడు విప్పాడు. వీరిగాడు నక్కను ఏటి అవతలిదాకా తరిమి, నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"తప్పైపోయిందిరా" అని నూకరాజు వాడి మెడ నిమిరాడు.

"ఆ రాయి దాచుకుంటానత్తా, ఏదీ?" అన్నాడు వీరిగాడు.

మంగతాయి మూతి తుడుచుకుంది. రాయి మీద సున్నం చుక్కైనా మిగల్లేదు.

పిలవకుండానే సాక్ష్యానికి వచ్చినవాడి మాట వినేముందు, వాడి పళ్ళు చూడాలి.