ఇరుసు కింద బెజ్జం

నాంచారమ్మ ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. రేవు పక్కన ఆమెకు సైకిళ్లు బాగుచేసే పాక ఉండేది. భర్త పోయాక పానాలూ పట్టకార్లూ ఆమె చేతికొచ్చాయి. సోమవారం సాయంత్రాలు అదే పాకలో తత్వాలు పాడి అర్థం చెప్పేది కనుక కొందరు శిష్యులు కూడా ఏర్పడ్డారు. సంసారం మీద విరక్తి పుట్టిందని వచ్చిన ఒకాయనకు టైరు విప్పమని ఇచ్చిందట. ఆయన మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టి, భోజనానికి ఇంటికి పోయాడు.

ఆ శిష్యుల్లో మంగతాయారు నర్సు. ఏటి అవతల మెరకలంకలో పిల్లలకు టీకాలు వేయడం ఆమె ఉద్యోగం. పంటు మీద ఏరు దాటి, అక్కణ్నుంచి సైకిలు మీద మూడు మైళ్లు పోవాలి. వానాకాలం ఆ దారిలో పిక్కల్లోతు నీళ్లుంటాయి. జూన్‌లో ఆమె లంకలో చక్రవేణి అనే ఆమె కొడుక్కి, నాలుగు నెలల పసివాడికి, సూది వేసింది. తొమ్మిది రోజులకు వాడు నెమ్ము చేసి చనిపోయాడు. సూదికీ చావుకీ సంబంధం లేదని డాక్టరు కాగితం మీద రాశాడు. ఆ కాగితం ఎవరు చదువుతారు? చక్రవేణి వాకిట్లో నిలబడి, "నీ చేతులు పడిపోను, నా బిడ్డని పొట్టన పెట్టుకున్నావు కదే!" అని పదిమందిలో అరిచింది.

అప్పటినుంచి మంగతాయారు లంకలో తల తిప్పకుండా తిరుగుతోంది. పలకరిస్తే పలకదు. ఆ ఇంటి ముందునుంచి పోవలసి వస్తే గట్టుమీదుగా చుట్టు తిరిగి పోతుంది. సోమవారాలు పాకకు రావడం కూడా మానేసింది. ఇంట్లో కూర్చోలేదు, పడుకోలేదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

ఆగస్టులో ఒక బుధవారం ఉదయం ఆమె సైకిలు నడిపించుకుంటూ పాకకు వచ్చింది. పెడలు సగం చుట్టు తిరిగి పట్టేస్తోంది, లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు చప్పుడు. భుజానికి టీకాల ఐసు పెట్టె ఉంది. చేతిసంచిలో బదిలీ కోరుతూ రాసిన దరఖాస్తు ఉంది. ఆ రోజు జాబితాలో మొదటి పేరు చక్రవేణి కూతురిది. ఐదేళ్ల పిల్ల. సూది వేయాల్సిన గడువు దాటి అప్పటికే నెలయింది.

"బజారులో రెండుసార్లు లోపలి బేరింగు గుండ్లు మార్పించానమ్మా, మళ్లీ అదే తంతు," అంది మంగతాయారు కూర్చోకుండానే. "ఇంక దీంతో నావల్ల కాదు. సైకిలు చెడిందని రాసేసి, ఇటునుంచి ఇటే ఆఫీసుకి పోయి బదిలీ కాగితం ఇచ్చేస్తాను."

"ఇద్దువుగాని. స్టాండు వెయ్యి."

"అది కాదమ్మా. పోయే ముందు నాకు ఒక్కటి చెప్పండి. మాటలు లోపలికి దిగకుండా ఎలా కాచుకోవాలి? అన్నీ మూసుకునే ఉంటున్నాను. అయినా ఎక్కణ్నుంచి దూరుతున్నాయో తెలియడం లేదు."

"స్టాండు వెయ్యమన్నానా?"

నాంచారమ్మ పీట లాక్కుని సైకిలు పక్కన కూర్చుంది. రెండు పెడళ్లనూ కలిపే ఇరుసు ఒక గొట్టంలో గుండ్ల మీద తిరుగుతుంది. ఆ గొట్టానికి రెండు పక్కలా గ్రీజు మెత్తి, దాని మీద పాత ట్యూబు ముక్కలు చుట్టి, పురికొసతో బిగించి ఉంది.

"ఈ కట్లు ఎవరు కట్టారే?"

"నేనేనమ్మా. నీళ్లు పోకుండా."

"బాగా కట్టావు. కాలు విరిగిన దూడకి కట్టినట్టు కట్టావు." ఆమె గొట్టం అడుగున వేలితో తడిమింది. "ఇక్కడ బెజ్జం ఉండాలే?"

"ఉందమ్మా. చూసి హడలిపోయాను. నీళ్లలో తిరిగే సైకిలుకి అడుగున చిల్లేమిటి? పుట్టీ పెట్టి మూసేశాను."

"మా ఆయన ఈ పాకలో అమ్మిన ప్రతి సైకిలుకీ అక్కడ బెజ్జం వేశాడు. కల్లు తాగి వేశాడనుకున్నావా?"

నాంచారమ్మ మేకు మొనతో పుట్టీని పెళ్లగించింది. టీ రంగు నీళ్లు బుడుక్కున వచ్చి ఆమె పాదం మీద పడ్డాయి. అర గ్లాసుకు పైనే ఉంటాయి. తుప్పు వాసన కొట్టింది.

మంగతాయారు ఆ నీళ్లకేసి చూసింది. "అన్నివైపులా మూశాను కదమ్మా! ఇన్ని ఎక్కడివి?"

నాంచారమ్మ చెంబుడు నీళ్లు తెచ్చి సీటు మీద పోసింది. చాలా వరకు నేలపాలయ్యాయి. కొన్ని సీటు రాడ్డు వెంట జారి, అది ఫ్రేములోకి దిగే చోట ఉన్న సన్నటి చీలికలో మాయమయ్యాయి. ఇద్దరూ కింద బెజ్జాన్ని చూస్తూ కూర్చున్నారు. మంగతాయారు ఐసు పెట్టె మూత తెరిచి చూసి, మూసి, మళ్లీ తెరిచింది. రేవులోంచి పంటు మనిషి కేక పెట్టాడు.

"నర్సమ్మగారూ! వస్తారా, వదిలెయ్యమంటారా? అరటిగెలలు ఎక్కించేశాం!"

"గెలలు నీళ్లు అడుగుతున్నాయా? ఉండవయ్యా!" అని నాంచారమ్మ ఇక్కణ్నుంచే అరిచింది.

అప్పుడు బెజ్జంలోంచి ఒక చుక్క జారింది. తర్వాత ఇంకొకటి.

"అయితే సీటు దగ్గర మూయాలన్నమాట," అంటూ మంగతాయారు లేచింది. "పుట్టీ ఇంకా ఉంది నా దగ్గర."

"మూయి. అదయ్యాక హ్యాండిలు దగ్గర మూయి. ఆ పైన మబ్బుకి నిచ్చెన వేద్దాం."

మంగతాయారు పుట్టీ పొట్లం సంచిలో పెట్టేసుకుంది. నాంచారమ్మ పెడలు కర్రను విప్పి గుండ్లు బయటికి తీసింది. గుంటలు పడి, ఎర్రగా, పురుగు తిన్న కందుల్లా ఉన్నాయి. వాటిని కాగితంలో పోసి పక్కన పెట్టి, గొట్టం లోపల గుడ్డతో తుడిచి, కొత్త గుండ్లకు గ్రీజు పెట్టి ఒక్కొక్కటే పేర్చింది. ట్యూబు ముక్కలు మళ్లీ చుట్టలేదు. పంటు మనిషి మరో రెండుసార్లు అరిచాడు. మంగతాయారు పాక గుమ్మం దాకా పోయి వస్తూ ఉంది.

"నేను పోతే చక్రవేణి మళ్లీ తిడుతుందమ్మా," అంది గుమ్మంలోంచి.

"తిడుతుంది."

"వాకిట్లో నిలబెట్టి తిడుతుంది."

"నువ్వేమో చుట్టు తిరిగి పోతున్నావు. మరి ఈ రెండు నెలలూ ఆ తల్లి తన బాధ ఎవరితో చెప్పుకుంది?"

మంగతాయారు గుమ్మంలోనే ఆగిపోయింది. నాంచారమ్మ తల ఎత్తకుండా నట్టు బిగించి పెడలును చేత్తో తిప్పి వదిలింది. అది చప్పుడు లేకుండా నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

దరఖాస్తు సంచిలోనే ఉంది. మంగతాయారు సంచిని హ్యాండిలుకు తగిలించి, ఐసు పెట్టెను వెనక క్యారియరుకు తాడుతో కట్టింది. ముడి ఒకసారి విప్పి మళ్లీ వేసింది. సైకిలు పట్టుకుని రేవులోకి దిగుతుంటే నాంచారమ్మ వెనక నుంచి పిలిచి, చీపురులోంచి ఒక ఈనె లాగి ఆమె చేతిలో పెట్టింది.

"బెజ్జంలో బురద పేరుకుంటుంది. దీంతో పొడిచి వదులు."

"రోజూ పొడవాలా అమ్మా?"

"తడిసిన రోజున," అంది నాంచారమ్మ. "మర్నాటికి ఉంచకు."