తెలీదన్న రాకుమారుడు

అనగనగా రత్నపురి అని ఒక రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా, లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను!

ఏడు సముద్రాల అవతలుండే ధూమ్రజటుడనే మాంత్రికుడు మందారవల్లి అనే రాకుమార్తెని ఎత్తుకుపోయాడు. వాడి దీవిలో ఇంగ్లీషే చెల్లుతుంది. వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో మూడు పనులు చెబుతాడు. మూడూ చేస్తే రాకుమార్తెని విడిపించుకోవచ్చు, ఒక్కటి తప్పినా రాయైపోవలసిందే. పెద్దకొడుకు "నాకు రాని ఇంగ్లీషా?" అని వెళ్ళాడు. రాయైపోయాడు. రెండోవాడు మీసం మెలేసుకుంటూ వెళ్ళాడు. వాడూ రాయైపోయాడు.

మిగిలింది చిన్నవాడు కువలయుడు. వాడికి ఇంగ్లీషంటేనే భయం. అందులోనూ ఒకేలా వినిపించే మాటలంటే మరీను. అయినా అన్నలు అక్కడ రాళ్ళై నిలబడితే వీడికి ముద్ద ఎలా దిగుతుంది? బయల్దేరాడు.

ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి తాబేలుని విడిపించాడు. అది వాణ్ణి వీపుమీద ఎక్కించుకుని దారి పొడుగునా పాఠం చెప్పింది. తెల్లదొరల ఓడల వెంట ఈదిన తాబేలు మరి!

"నాయనా, 'బ్రింగ్' అంటే అడిగినవాడి దగ్గరికి తేవడం, 'టేక్' అంటే ఇక్కణ్ణుంచి పట్టుకుపోవడం. ఆ దీవి ఒడ్డునుంచి అంతా చూశాను, తెమ్మన్న దీపాన్ని మీ పెద్దన్న పట్టుకుపోయాడు. 'లెండ్' అంటే మనది వాడుకోమని ఇవ్వడం, 'బారో' అంటే ఎదుటివాడిది అడిగి పుచ్చుకోవడం. కత్తి ఇమ్మంటే మీ రెండో అన్న మాంత్రికుడి కత్తే లాక్కున్నాడు."

"మరి మూడోది?"

"అక్కడిదాకా ఎవరూ వెళ్ళలేదు బాబూ, నాకూ తెలీదు. తెలియకపోతే మాత్రం తెలిసినట్టు తలూపకు."

దీవి చేరాడు. మాంత్రికుడు అడిగిన దీపం తెచ్చిచ్చాడు, అడిగిన కత్తి ఇచ్చాడు. మాంత్రికుడు పళ్ళు కొరికి రెండు పళ్ళేలు ముందు పెట్టించాడు. ఒకదాన్నిండా ఇసుక, ఒకదాన్నిండా పూర్ణాలు.

"టచ్ ది డిజర్ట్!" అని అరిచాడు.

డిజర్టా, డెజర్టా? ఏది ఇసుకో, ఏది తీపో కువలయుడికి తేలలేదు. పక్కనే అన్నలు రాళ్ళై, కళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఏదో ఒకటి ముట్టేద్దామని చెయ్యి చాచాడు కూడా. తాబేలు మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. చేతులు జోడించి, వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కున్నాడు.

"ఐ డోంట్ నో, సర్. ప్లీజ్ టెల్ మీ."

ఇన్నాళ్ళలో ఆ మాట అన్నవాడే లేడు! మాంత్రికుడు "అదీ... అంటే..." అని నసిగి, తెర వెనకున్న పంజరం వైపు దొంగచూపు చూశాడు. ఆ చూపు కువలయుడు పట్టేశాడు. ఒక్క గెంతులో వెళ్ళి తెర లాగాడు. లోపల పచ్చటి చిలక!

"వీడి మొహం, వీడికేం వచ్చు!" అంది చిలక. "ప్రతి మాటా నన్నడిగే నేర్చాడు. చదువూ ప్రాణమూ రెండూ నా దగ్గరే దాచుకున్నాడు, నేనెగిరిపోతే వాడి పని సరి. తలుపు తియ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది!"

తలుపు తీశాడు. చిలక తుర్రుమంది. మాంత్రికుడు బూడిదకుప్పై కూలాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని "తమ్ముడూ!" అంటూ వాటేసుకున్నారు. హమ్మయ్య అనుకుని కువలయుడు నేలమీద చతికిలబడి ఏడ్చేశాడు.

"డెజర్ట్ అంటే ఎడారి. డిజర్ట్ అంటే భోజనం చివర తినే తీపి," అంది చిలక, గుమ్మం మీద వాలి. "ఇక తినండి!"

మందారవల్లి వచ్చి పూర్ణాల పళ్ళెం అందించింది.

"అన్నీ వచ్చన్నవాళ్ళు చాలామంది వచ్చారు. రాదన్నవారు మీరొక్కరే," అంది. వాళ్ళిద్దరికీ వైభవంగా పెళ్ళైంది.

కువలయుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఆ కొలువులో "నాకు తెలీదు" అన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వేవారు కాదు. ఎందుకంటే ఆ మాట ముందుగా రాజుగారే అనేవారు. కథ కంచి చేరింది, మనం అన్నాలకి లేద్దాం పదండి!