పెట్టె మీద చెయ్యి

సువర్చలకు తన స్థాయి ఏమిటో తెలియదు. చిన్నప్పటి నుంచి పాడుతోంది, బహుమతులు తెచ్చుకుంది, ఎవరితోనైనా వాదించి గెలుస్తుంది. ఈ ఒక్క సంగతి మాత్రం తెలియదు.

బాపట్లలో మొదటి మాస్టారు ఆమెను ఏళ్ళ తరబడి మొట్టమొదటి పాఠమైన సరళీ స్వరాల దగ్గరే కూర్చోబెట్టారు. "గొంతు ఇంకా పచ్చిగా ఉందమ్మా" అనేవారు. ఎప్పటికి పండుతుందో మాత్రం ఏనాడూ చెప్పలేదు. విసుగెత్తి గుంటూరు వెళితే, రెండో మాస్టారు ఒక్క పాట విని ఉప్పొంగిపోయారు. "ఇలాంటి గొంతుకి చిన్న పాఠాలేమిటి?" అని ఏకంగా పల్లవి మొదలుపెట్టించారు. పల్లవి అంటే కచేరీకి శిఖరం. ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకుని, తాళం జారకుండా, వేగాలు మార్చి మార్చి పాడాలి. తాడు మీద నడక.

పోయిన దసరాకి ఆ తాడు మీంచి పడింది.

ఒంగోలులో, నిండు సభలో. పాడుతూ ఉండగా మృదంగం ఆయన వాయించడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. వయొలిన్ ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. తనెక్కడ తప్పిందో ఆమెకి తెలియలేదు. ఇంటికొచ్చి ఆలోచించినా తెలియలేదు. తప్పినందుకు కాదు, తెలియనందుకు ఏడ్చింది.

ఇప్పుడు తెనాలి సభవాళ్ళు పిలిచారు. వచ్చే నెలలో కచేరీ. కరపత్రంలో పేరు పడింది. పేరు కింద పల్లవి అని కూడా పడింది. ఈసారీ ఇలాగే అయితే పాట మానేసి బీఎడ్‌లో చేరిపోతానని ఇంట్లో చెప్పేసి, పర్చూరు బస్సెక్కింది.

పర్చూరులో బాజీ సాహెబు గారు ఒకప్పుడు పెద్ద నాదస్వర విద్వాంసులు. ముందు పళ్ళు ఊడిపోయాక ఊపిరి నిలవక వాద్యం పక్కనపెట్టి, గాత్రం చెబుతున్నారు. అరుగు మీద ఆయన భార్య హుస్సేన్‌బీ గోంగూర ఒలుస్తోంది.

"ఎవరి కోసమమ్మా?"

"సాహెబు గారి దగ్గర పల్లవి నేర్చుకుందామని వచ్చానండీ."

"పల్లవా? మా ఆయన నాకు పెళ్ళైన కొత్తలో 'స' చెప్పటం మొదలుపెట్టాడు. ఇంకా 'రి' దగ్గరకి రాలేదు. లోపలికి పో, ఉన్నాడు."

సాహెబు గారు చాప మీద కూర్చుని శ్రుతిపెట్టె తుడుచుకుంటున్నారు. సువర్చల నమస్కారం పెట్టి, కూర్చోకముందే మొదలుపెట్టింది. బాపట్ల, గుంటూరు, ఒంగోలు, తెనాలి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఒకాయన నన్ను కింద తొక్కిపట్టారు. ఇంకొకాయన పైకి విసిరేశారు. ఇద్దరూ ఒప్పు కాలేరు కదండీ?"

"ఇద్దరూ తప్పు కావచ్చు" అన్నారు సాహెబు గారు.

ఈ అవకాశాన్ని సువర్చల లెక్కలోకి తీసుకోలేదు.

"అయితే నేను ఏ పాఠంలో కూర్చోవాలో మీరు తేల్చండి."

"నేనెందుకు తేలుస్తాను? గొంతు నీది." ఆయన శ్రుతిపెట్టెని ఇద్దరి మధ్యకీ జరిపారు. "నీకు ఏది పాడాలనుంటే అది పాడు. తప్పు వినపడితే పెట్టె మీద చెయ్యి వెయ్యి. నాకు వినపడితే నేను వేస్తాను. అంతే."

"అంతేనా?"

"చాలదా?"

పల్లవే ఎత్తుకుంది. ఇంకేం ఎత్తుకుంటుంది? సాహెబు గారు ఎడమ చేత్తో పెట్టె తిత్తి ఊదుతున్నారు. గది నిండా శ్రుతి. సువర్చల గొంతు బాగా లేచింది, తనకే ముచ్చటేసింది. అంతలో ఆయన కుడి చెయ్యి పెట్టె మీద పడింది.

శ్రుతి ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"నువ్వు చెప్పు."

"ఏమీ కాలేదు."

"సరే. పాడు."

మళ్ళీ పాడింది. మళ్ళీ చెయ్యి పడింది. ఈసారి ఆమె తాళం సరిచూసుకుంది, సాహిత్యం సరిచూసుకుంది, ఏమీ దొరకలేదు. ఇంకోసారి. ఇంకోసారి. ప్రతిసారీ ఆయన చెయ్యే. తన చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"సాహెబు గారూ, తప్పు అంటే సరిపోదండీ. ఎక్కడో చూపించాలి. చూపించకుండా తప్పంటే దాన్ని నేను ఒప్పుకోను."

"నేను చూపిస్తే అది నాకు తెలిసినట్టు, నీకు కాదు. నాకు ముందే తెలుసు."

అరుగు మీంచి హుస్సేన్‌బీ నవ్వు వినపడింది. "ఆయనతో వాదన పెట్టుకోకమ్మా. నలభై ఏళ్ళుగా నేనే గెలవలేదు."

సువర్చలకు ఒళ్ళు మండింది. "అర్థమైంది లెండి. చివరికి మీరూ అక్కడికే వస్తారు. మొదటి నుంచి మొదలుపెట్టు, సరళీ స్వరాలు పాడు అంటారు. అదేగా?"

"నేననలేదు. నువ్వు అంటున్నావు. పాడు మరి."

పాడింది. సరళీ స్వరాలే కసిగా పాడింది. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఒక్క స్వరం అటూ ఇటూ కాకుండా, కొలబద్ద పెట్టి గీసినట్టు పాడింది. ఎవరి చెయ్యీ కదల్లేదు. శ్రుతి సాగుతూనే ఉంది. జంట స్వరాలు పాడింది. అలంకారాలు పాడింది. సాహెబు గారు ఆవులించారు. గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు. తిత్తి ఊదే చెయ్యి మాత్రం నడుస్తోంది.

ఆఖరి స్వరం నిలిపి, ఆయాసపడుతూ గర్వంగా చూసింది.

"చూశారా? ఒక్క తప్పు లేదు."

"లేదు" అన్నారాయన కళ్ళు తెరవకుండానే. "ఈ పాఠాల దగ్గర నీకు పని లేదు."

ఆ మాట ఆమెకి వెంటనే ఎక్కలేదు. చిన్నప్పటి నుంచి ఎవరైనా ఒక్కరు అంటారేమోనని ఎదురుచూసిన మాట. బాపట్ల చాప మీద కూర్చున్న అన్ని సాయంత్రాలూ గుర్తొచ్చాయి. కళ్ళు చెమర్చాయి, వెంటనే తుడుచుకుంది.

"అక్కడా కాదు, ఇక్కడా కాదు. మరెక్కడండీ?"

ఆయన లేచి సరిగ్గా కూర్చున్నారు. "మధ్యలో బోలెడు దారి ఉంది కదా తల్లీ. నడువు."

గీతం పాడింది. చేతులు కదల్లేదు. స్వరజతి పాడింది. సాహెబు గారి వేళ్ళు పెట్టె దాకా వచ్చి, మనసు మార్చుకుని వెనక్కి వెళ్ళాయి. ఆమెకి ఎందుకో ఉత్సాహం ముంచుకొచ్చింది. దాగుడుమూతల్లో దగ్గరికి వస్తున్నప్పుడు గుండె కొట్టుకుంటుందే, అలా. నీళ్ళు తాగి, జడ వెనక్కి విసిరి, ఆభోగి రాగంలో ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన వర్ణం ఎత్తుకుంది. వర్ణం అంటే పాఠాలకి ఆఖరు, కచేరీకి మొదలు.

మొదటి కాలం నిదానంగా గడిచింది. రెండో కాలం అందుకుంది. వేగం పెరిగింది. స్వరాలు ఒకదాని భుజం మీంచి ఒకటి దూకుతున్నాయి. పాట పరుగెడుతోంది, దాని వెనక ఆమె పరుగెడుతోంది, చరణం తిరిగే చోట

చెయ్యి వేసేసింది.

తనే వేసింది. వేశాక చూసుకుంది. తన చేతి మీద సాహెబు గారి చెయ్యి ఉంది. రెండూ ఒక్కసారే పడ్డాయి.

"గాంధారం" అంది సువర్చల. "ఆభోగిలో ఆ స్వరం ఊగాలి. తొందరలో నేను తిన్నగా నిలబెట్టేశాను. మేకులాగా."

సాహెబు గారు పళ్ళు లేని నోటితో నిండుగా నవ్వి, తిత్తి అందుకున్నారు.

మళ్ళీ పాడింది. అదే చోట మళ్ళీ పడింది చెయ్యి. ఈసారి ఆమెది ముందు, ఆయనది తర్వాత. మళ్ళీ పాడింది. గాంధారం కాస్త ఊగింది, కానీ దాని పక్క స్వరం నలిగింది. అదీ వినపడింది. వినపడుతోంది. ఒంగోలులో మూసుకుపోయిన తలుపు ఇదేనేమో, కీచుమంటూ కదులుతోంది. ఆమెకి నవ్వొచ్చేసింది. తప్పు చేస్తూ, ఆపుతూ, నవ్వుతూ, మళ్ళీ ఎత్తుకుంటూ, ఎండ గుమ్మం దాటి గదిలోకి వచ్చినా తెలియలేదు.

హుస్సేన్‌బీ తొంగిచూసింది. "ఏమిటీ పిల్ల, తప్పు పాడి ఇంత సంబరపడుతోంది? గోంగూర పప్పు అయింది. తిని తప్పులు పాడుకోండి."

"ఒక్క నిమిషం అమ్మా." సువర్చల సాహెబు గారి వైపు తిరిగింది. "దీంట్లో ఎన్నాళ్ళు కూర్చోవాలండీ?"

"చెయ్యి పడటం మానేసినప్పుడు చెప్పు. ఇంకో చోటికి పోదాం."

"మరి తెనాలి?"

"అది నీ కచేరీ. నన్నడుగుతావేం?"

సువర్చల పెట్టె మీద చెయ్యి పెట్టింది. పల్లవి పాడితే పాడవచ్చు. జనం చప్పట్లు కూడా కొట్టవచ్చు, అదృష్టం బాగుంటే. రెండో చేత్తో ఫోను తీసి సభ కార్యదర్శికి కలిపింది.

"నమస్కారమండీ, సువర్చలని. పల్లవి పాడను. కరపత్రంలో తీసేయండి. వర్ణం పాడతాను, దాని తర్వాత చిన్న కృతులు రెండు మూడు."

అటువైపు పెద్దాయనకి మండింది. "అచ్చయిపోయాక చెబితే ఎలాగమ్మా? పల్లవి పాడే అమ్మాయివని నీకు ఆఖరి గంట ఇచ్చాం. వర్ణమైతే నిన్ను మొట్టమొదట కూర్చోబెట్టాలి. అప్పటికి జనమే రారు. కుర్చీలు సర్దుతుంటారు."

"కూర్చోబెట్టండి."

"ఖాళీ కుర్చీలకి వర్ణం పాడతావా? ఎవరు వింటారమ్మా?"

సువర్చల చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది.

"నేను వింటానండీ" అంది.