జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి

నాదస్వర విద్వాంసులు మీరావలి సాహెబు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు రాగం గురించి అడిగితే వాయించి చూపేవారు. బతుకు గురించి అడిగితే ఏదో ఒక పెళ్ళి సంగతి చెప్పేవారు. నలభై ఏళ్ళుగా రేపల్లె చుట్టుపక్కల వాయించిన మనిషి కనుక ఆయన దగ్గర పెళ్ళిళ్ళకు కరువు లేదు.

మా శిష్యులందరిలోకి పెద్దవాడు ప్రసన్నాంజనేయులు. ఏడాది కిందట ఆపరేషన్ చేయించుకుని బట్టతల మీద జుట్టు నాటించుకున్నాడు. జుట్టు బాగానే వచ్చింది. కానీ నాటినచోట చర్మం గరుకుగా, చిన్న చిన్న బొడిపెలుగా ఉండిపోయింది. వెనక, జుట్టు తీసినచోట, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గీత పడింది. ఒక ఉదయం సాధన అయ్యాక తల దించుకుని అడిగాడు: "గురువుగారూ, చూసేవాళ్ళకి జుట్టు కనిపిస్తుంది, సరే. తాకినవాళ్ళకి ఏం చెప్పుకోవాలి?" అతనికి సంబంధాలు చూస్తున్నారని మాకు తెలుసు. ఎవరం నవ్వలేదు.

సాహెబు గారు చెప్పిన సంగతి ఇది.

బాపట్లలో ఒక పెళ్ళి. వరుడు గోవర్ధనం, పశువుల డాక్టరు. ముహూర్తానికి ఇంకా గంట ఉందనగా మేళగాళ్ళ చాప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "సాహెబు గారూ, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గట్టిమేళం ఎంతసేపు వాయిస్తారు?" అన్నాడు. "పంతులు గారు చాలనేదాకా బాబూ." "కాస్త తొందరగా ఆపెయ్యకూడదూ?" ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు. తలకు జుట్టు నాటే ఆపరేషన్ అయిందట. నడినెత్తి అంతా గరుకేనట. పెళ్ళికూతురికి చెప్పలేదట. మేళం మోగినంతసేపూ ఆమె చెయ్యి అక్కడే ఉంటుంది కదా అని అతని భయం. రోజూ ఎద్దులకు కుట్లు వేసే మనిషి, తన కుట్ల మాట చెప్పేటప్పటికి చెమటలు కక్కాడు. సాహెబు గారు చూద్దాంలెమ్మన్నారు.

ముహూర్తం వచ్చింది. మధ్యన తెర పట్టారు. మేళగాళ్ళు పక్కన కూర్చుంటారు కనుక వాళ్ళకు రెండు వైపులా కనిపిస్తుంది. పంతులు గారు చెయ్యి ఎత్తారు, మేళం అందుకుంది. పెళ్ళికూతురు కమలిని ముద్ద నెత్తిన పెట్టింది. ఆమె వేళ్ళు ఒక్కసారి ఆగాయి. మెల్లిగా అటూ ఇటూ తడిమాయి. జుట్టును కొంచెం లాగి చూశాయి. పెళ్ళికొడుకు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆమె తెర మీదుగా ఏదో అంది. అతను ఏదో చెప్పాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. అంతే, పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు పకపకా నవ్వాడు! తెర పట్టుకున్న మేనమామలు బిత్తరపోయారు. పంతులు గారు ఇక చాలని సైగ చేశారు. పెళ్ళికొడుకు మాత్రం సాహెబు గారి వంక చూసి, కానివ్వండి కానివ్వండి అని తల ఊపాడు. డోలు వాయించే ఆయన చేతులు పడిపోయేదాకా మేళం ఆగలేదు.

మేళం హోరులో ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. భోజనాల దగ్గర ఆ అమ్మాయే వచ్చి చెప్పింది. బట్టతలతో ఉన్న పెళ్ళికొడుకు పాత ఫొటో ఒకటి చూసి, అతను విగ్గు పెట్టుకుంటాడని ఆమె పిన్ని చెప్పిందట. "బట్టతలైతే నాకేం బాబాయి గారూ! ఇంతమంది ముందు ఆ విగ్గు నా చేతికి ఊడొస్తుందేమోనని రెండు రోజులుగా నాకు అన్నం సయించలేదు. లాగి చూశాను, రాలేదు. ఇది నిజంగా మీదేనా అన్నాను. నాదే, కుట్లు వేయించుకున్నాను, చెప్పలేదు, తప్పయింది అన్నారు. నొప్పిగా ఉందా, మెల్లిగా పట్టుకోనా అన్నాను. దానికే ఆ నవ్వు" అని తనూ నవ్వింది. పక్కనున్న గోవర్ధనం తల దువ్వుకోనైనా లేదు, బెల్లం అలాగే అంటుకుని ఉంది.

ఇంతవరకు చెప్పి సాహెబు గారు నాదస్వరం తుడుచుకోసాగారు. ప్రసన్నాంజనేయులు, "తర్వాత ఆ గరుకు తగ్గిందా గురువుగారూ?" అన్నాడు.

"నన్నడిగితే ఏం చెప్పను నాయనా," అన్నారు సాహెబు గారు. "ఆ తల మీద చెయ్యి పెట్టింది నేను కాదుగా."