పొదకు పొలం

ఊరి మేకలు కాసే కొమరమ్మ ఒకరోజు కునుకు తీసింది. ఇంతలో ఓ మేక కామందు భూపతిరాయుడి తోటలో దూరి మల్లెపొదను మేసేసింది. కొత్త పొద నాటిస్తానని ఆమె వేడుకున్నా వినక, రాయుడు న్యాయాధికారి ముందు ఆమెకున్న ఒక్క పొలమూ అడిగాడు. పొదకు పొలమా! కడుపు మండదూ?

"నష్టానికి కాదయ్యా, దీనికి బుద్ధి రావడానికి!" అన్నాడు రాయుడు.

"అలాగే రాయించుకోండి దొరా," అంది కొమరమ్మ. "ఇన్నాళ్లూ పొలం పోతుందన్న భయంతోనే మేకలను అదిలించాను. రేపటి నుంచి నాకు పోయేదేమీ లేదు. మళ్లీ కునుకు పడితే ఏం తీసుకుంటారు?"

రాయుడికి తోటంతా కళ్లముందు మెదిలింది. "అయ్యా, రెండు పొదలు చాలు! పొలం ఆమెకే ఉండనివ్వండి!"

న్యాయాధికారి నవ్వాడు. జరిమానా నష్టానికి రెండింతలు దాటకూడదని, రాయుడుగారి కోరిక మీదే, ఊరంతా చాటింపు వేయించాడు.