దొర ఇచ్చిన మూడు

వినండి తల్లులారా, ఎడబాటు ఆ రాముడికే తప్పలేదు! బడిపంతులు తిరువేంగళం భార్య నాంచారి, కోటలో దొరసానికి పాట నేర్పుతూ అక్కడే ఉండిపోయింది. ఆమె గొంతు వినపడని ఇంట్లో పంతులుకి అన్నం సయించేది కాదు.

ఒకనాడు దొర బడి చూడవచ్చాడు. పంతులు ఇసుకలో 0.3, 0.12 అని రాశాడు.

"దొరా, ఏడాదిలో ఈ రెంటిలో ఏదో ఒక భాగం నాంచారిని ఇంటికి పంపండి."

"అమ్మో, పన్నెండా? ఆశకి అంతుండాలోయ్! మూడు ఇచ్చాను, పో!"

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"మూడు పక్కన సున్నా చేర్చమ్మా, విలువేం మారదు," అన్నాడు పంతులు ఒక పిల్లతో. 0.30 అయింది, పన్నెండు కంటే ముప్పై పెద్దదాయె! నలుగురిలో ఇచ్చిన మాట, దొర ఏం చేస్తాడు?

నాంచారి వచ్చింది, ఇంట్లో పాట మోగింది. ఏడాదిలో మిగిలిన 0.7 మాత్రం, రామచంద్రా, పంతులు చూపులన్నీ వాకిలి వైపే!